క్యాన్సర్ రోగి నీరసాన్ని దేనితో కొలవాలి: ఏ ప్రశ్నావళి ఎవరికి పనికొస్తుంది

నాలుగో కీమో అయిన వారానికి ఓపీకి వచ్చిన ఒక పెద్దావిడను, "అమ్మా, ఈ వారంలో మీకు అలసటగా అనిపించిందా?" అని అడిగాను. ఆవిడ కాస్త నొచ్చుకున్నట్టుగా చూసి, "ఏం పని జేసిన బిడ్డా, అలసిపోనీకి? కూసునే ఉంటున్న గదా" అన్నారు. నేను కాగితం మీద "అస్సలు లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను. పక్కన నిలబడ్డ కూతురు ఊరుకోలేకపోయింది. అమ్మ స్నానానికి వెళ్ళి రెండు చెంబులు పోసుకోగానే చేతులు లేవక స్టూలు మీదే కూర్చుండిపోయిందని, తానే లోపలికి వెళ్ళి ఒళ్ళు తుడిచి తీసుకొచ్చానని చెప్పింది. అప్పుడు మాట మార్చి "ఒంట్లో ఓపిక ఎట్లుంది?" అని అడిగితే, "అదే లేదు బిడ్డా, పానం నిలుస్తలేదు" అంటూ ఆవిడే పది నిమిషాలు చెప్పారు.

హైదరాబాదులో క్యాన్సర్ రోగుల పక్కన కూర్చుని ఇటువంటి ప్రశ్నలు అడగడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఏ ప్రశ్నావళి మంచిదని జూనియర్లు, పీజీ విద్యార్థులు, అప్పుడప్పుడు రోగుల పిల్లలు అడుగుతుంటారు. అంతర్జాతీయంగా పరీక్షకు నిలిచిన ప్రశ్నావళులు పదికి పైనే ఉన్నాయి. వాటిలో ఏదీ చెడ్డది కాదు. అయితే వచ్చిన జవాబుతో మనం ఏ నిర్ణయం తీసుకోబోతున్నాం, అడిగే మాట ఆ మనిషికి ఏ అర్థంలో చేరుతోంది అనే రెండు విషయాలు తేలకుండా ప్రశ్నావళిని ఎంచుకుంటే, ఎంత పేరున్నదైనా మన చేతికి తప్పు అంకెనే ఇస్తుంది.

ముందుగా మాట సంగతి. తెలుగులో అలసట అంటే పని చేసినందువల్ల వచ్చేది, కాసేపు కూర్చుంటే తీరేది. దానిలో కొంత గౌరవం కూడా ఉంది. క్యాన్సర్ వల్ల, దాని చికిత్స వల్ల వచ్చే ఈ స్థితి సరిగ్గా దానికి విరుద్ధమైనది. అమెరికాలోని నేషనల్ కాంప్రహెన్సివ్ క్యాన్సర్ నెట్‌వర్క్ దీన్ని నిర్వచిస్తూ, ఇది శరీరానికీ మనసుకూ ఆలోచనకూ సంబంధించిన, బాధ కలిగించే, విడవకుండా ఉండే బడలిక అని, ఈ మధ్య చేసిన పనికి దీనికీ పొంతన ఉండదని, రోజువారీ జీవితానికి ఇది అడ్డుపడుతుందని చెప్పింది. పనికి పొంతన లేకపోవడమే దీని ముఖ్య లక్షణం అయినప్పుడు, పనిని గుర్తుచేసే మాటతో అడిగితే రోగి "లేదు" అనే అంటాడు. నీరసం అన్న మాట దీనికి దగ్గరగా వస్తుంది, కానీ చాలామందికి నీరసం అంటే తిండి తినకపోవడం వల్ల, జ్వరం వల్ల వచ్చేది. నిస్సత్తువ, నిస్త్రాణ సరైన మాటలే, పుస్తకాలు చదివినవారికి. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవారు "చాతనైతలేదు" అంటారు, పాతబస్తీ నుంచి వచ్చినవారు "కమ్‌జోరీ" అంటారు. ఆయాసం అన్న మాటను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. మన దగ్గర అది ఊపిరి అందకపోవడానికి పెట్టిన పేరు, ఆ జవాబు వేరే జబ్బు వైపు తీసుకుపోతుంది.

ఒకే ఒక్క అంకె

రద్దీగా ఉండే ఓపీలో, ఒక్కో రోగికి నాలుగైదు నిమిషాలు దొరికే చోట, సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పమనడమే ఆచరణలో నిలిచే పద్ధతి. 0 అంటే ఏమీ లేదు, 10 అంటే ఊహించగలిగినంత తీవ్రం. 1 నుంచి 3 తక్కువ, 4 నుంచి 6 మధ్యస్థం, 7 నుంచి 10 తీవ్రం అని పైన చెప్పిన నెట్‌వర్క్ మార్గదర్శకాలు విభజించాయి. 4 గానీ అంతకు మించి గానీ వస్తే ఊరుకోకూడదు. నొప్పి, మనోవేదన, నిద్రలేమి, రక్తహీనత, తిండి, కదలిక తగ్గిపోవడం, వేసుకుంటున్న మందులు, థైరాయిడ్ వంటి ఇతర జబ్బులు, వీటిలో సరిదిద్దగలిగినది ఏదైనా ఉందేమో వెతకాలి. మెడకు కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్న రోగిలో థైరాయిడ్ మందగించడం వంటివి రక్తపరీక్షతో తేలిపోతాయి, మందుతో సరవుతాయి. ఆ పరీక్ష రాయించడానికి ఒక్క అంకె చాలు.

కెనడాలోని ఎడ్మంటన్‌లో 1991లో రూపొందిన లక్షణాల అంచనా పట్టిక కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. అందులో అలసటతో పాటు నొప్పి, వికారం, దిగులు, ఆందోళన, మగత, ఆకలి, ఊపిరి అందకపోవడం వంటివాటికి ఒక్కో అంకె ఉంటుంది. ఇంటికి వెళ్ళి చూసే పాలియేటివ్ (బాధను తగ్గించే వైద్యం చేసే) బృందాలకు నా దృష్టిలో దీన్ని మించినది లేదు, ఎందుకంటే ఆ స్థితిలో ఉన్న మనిషికి బాధలు ఒకదాన్నొకటి పట్టుకుని వస్తాయి. నిస్సత్తువను ఒక్కదాన్నే వేరుగా కొలిస్తే దాని పక్కనున్న నొప్పి, నిద్రలేమి మనకు కనబడవు.

అంకె చెప్పడం అందరికీ సులువు కాదు. బడికి వెళ్ళని పెద్దవాళ్ళకు "పదికి ఎంత" అంటే అయోమయంగా ఉంటుంది. గీత గీసి దాని మీద చుక్క పెట్టమంటే ఇంకా కష్టం. కానీ అదే మనిషి "రూపాయిలో పావలా వంతు కూడా తగ్గలే" అని తనంతట తానే ఎంతో కచ్చితంగా చెబుతాడు. పావలా, అర్ధ, ముప్పావలా లెక్క మన పెద్దవాళ్ళ నాలుక మీద ఉంది. చికిత్స కోసం మాత్రమే అడుగుతున్నప్పుడు నేను ఆ భాషలోనే అడిగి, వారు చెప్పిన మాటనే కేసు షీటులో రాస్తాను. అయితే పరిశోధనలో ఆ స్వేచ్ఛ తీసుకోకూడదు. పరీక్షించి నిలబెట్టిన కొలత రూపాన్ని మార్చితే అది వేరే కొలత అవుతుంది, ఇతర అధ్యయనాలతో పోల్చే హక్కు పోతుంది.

బ్రీఫ్ ఫటీగ్ ఇన్వెంటరీ

హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో తయారై 1999లో వెలువడిన ఈ ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలు ఉన్నాయి. మొదటి మూడు తీవ్రతను అడుగుతాయి: ఇప్పుడు ఎంత, గత 24 గంటల్లో మామూలుగా ఎంత, గత 24 గంటల్లో అత్యధికంగా ఎంత. తక్కిన ఆరు, ఈ నిస్సత్తువ రోజువారీ పనులకు, మానసిక స్థితికి, నడకకు, ఇంటా బయటా చేసే పనికి, ఇతరులతో సంబంధాలకు, జీవితాన్ని ఆస్వాదించడానికి ఎంత అడ్డుపడిందని అడుగుతాయి. అన్నిటికీ 0 నుంచి 10. తొమ్మిదింటి సగటే ఫలితం. ఒక్క అంకె దగ్గర ఆగిపోకుండా, "ఎంత ఉంది" అన్నదాన్నీ "దేనికి అడ్డుపడుతోంది" అన్నదాన్నీ విడదీసి చూపడం దీని బలం. 6 చెప్పిన ఇద్దరిలో ఒకరు ఇంకా కూరగాయలకు వెళ్ళొస్తూ ఉండవచ్చు, మరొకరు బాత్‌రూముకు గోడ పట్టుకుని వెళ్తూ ఉండవచ్చు; ఆ తేడా ఇక్కడ బయటపడుతుంది.

దీని బలహీనత కూడా ఆ 24 గంటల్లోనే ఉంది. హైదరాబాదు క్యాన్సర్ ఆసుపత్రులకు వచ్చేవారిలో ఎంతోమంది ఆదిలాబాద్, ఖమ్మం, నారాయణపేట వంటి చోట్ల నుంచి రాత్రి బస్సెక్కి, తెల్లవారేసరికి రెడ్‌హిల్స్‌లోనో బంజారాహిల్స్‌లోనో చీటీ కోసం వరుసలో నిలబడతారు. పదకొండు గంటలకు వారిని "గత 24 గంటల్లో" అని అడిగితే వచ్చే జవాబులో జబ్బు ఎంత, బస్సు ఎంత, నిద్ర లేని రాత్రి ఎంత అన్నది ఎవరూ విడదీయలేరు. వార్డులో చేరి ఉన్నవారికి, ఊళ్ళోనే ఉండి వచ్చేవారికి, ఫోనులో అడగగలిగినవారికి ఇది చక్కటి ఎంపిక. రాత్రి ప్రయాణం చేసి వచ్చినవారికి ఏడు రోజులను అడిగే ప్రశ్నావళి మేలు.

ఇంకొక చిక్కు, జీవితాన్ని ఆస్వాదించడం గురించిన చివరి ప్రశ్న. దాన్ని అక్షరాలా అడిగితే "ఇంకేం సంతోషం బిడ్డా" అన్న నిట్టూర్పే వస్తుంది. అది నిస్సత్తువకు జవాబు కాదు, జబ్బు మొత్తానికి జవాబు. అనువాదాన్ని మార్చే అధికారం మనకు లేదు కానీ, "ఈ నీరసం వల్ల" అన్న మాటను ఆరు ప్రశ్నల్లో ప్రతిదానికీ ముందు మళ్ళీ పలకడంలో తప్పు లేదు, పలకాలి కూడా.

ఫ్యాసిట్ పదమూడు ప్రశ్నలు, క్యూఎల్‌క్యూ-సీ30లోని మూడు ప్రశ్నలు

పరిశోధనకు వచ్చేసరికి అసలు పోటీ ఈ రెంటి మధ్యే ఉంటుంది. ఫ్యాసిట్ ఫటీగ్ ప్రశ్నావళి 1997లో, క్యాన్సర్ రోగుల్లో రక్తహీనత తెచ్చే ఇబ్బందులను కొలిచే ప్రయత్నంలో భాగంగా వచ్చింది. పదమూడు వాక్యాలు, గత ఏడు రోజులు, ప్రతి వాక్యానికీ 0 నుంచి 4 వరకు ఐదు మెట్లు. మొత్తం 0 నుంచి 52. ఇక్కడ ఎక్కువ మార్కులు వస్తే మేలు, అంటే నిస్సత్తువ తక్కువ అని అర్థం. మూడు నాలుగు పాయింట్ల తేడా వస్తే రోగికి అనుభవంలో తెలిసే మార్పు జరిగినట్టు పరిగణిస్తారు. చికిత్సకు ముందూ తర్వాతా ఒకే మనిషిలో మార్పు చూడాలంటే ఇంత సున్నితంగా పట్టే చిన్న ప్రశ్నావళి అరుదు.

అయితే దాని లెక్క దగ్గర ఎంతో జాగ్రత్త కావాలి. పదకొండు వాక్యాలు బాధను చెబుతాయి, వాటి అంకెను 4 నుంచి తీసివేసి తిప్పాలి. మధ్యలో వచ్చే రెండు మాత్రం శక్తి ఉందని, మామూలు పనులు చేసుకోగలుగుతున్నానని చెబుతాయి, వాటిని ఉన్నదున్నట్టే కలపాలి. ఒక రోగి పదకొండింటికీ "కొంచెం" అని, ఆ రెంటికీ "ఓ మాదిరిగా" అని చెప్పాడనుకుందాం. సరిగా లెక్కిస్తే 33కు 4 కలిపి 37 వస్తుంది. తిప్పడం మరిచిపోతే 11కు 4 కలిపి 15 అవుతుంది. నేను మునుపు పనిచేసిన ఒక చోట సరిగ్గా ఈ పొరపాటే జరిగింది. ఎక్సెల్ షీటులో తిప్పే వరుస ఒకటి జారిపోవడంతో, రోజురోజుకూ మంచానికి దగ్గరవుతున్నవారు కోలుకుంటున్నట్టు, కోలుకున్నవారు దిగజారినట్టు కొన్ని నెలలపాటు పట్టికలో కనిపించింది. షీటు తయారుచేసినవారిలో నేనూ ఉన్నాను. రోగి ముఖం చూసిన నర్సు ఒకరు "ఈయన బాగున్నారని ఎలా వచ్చింది?" అని అడిగితే తప్ప అది బయటపడలేదు. అప్పటినుంచి మొదటి ఐదుగురి లెక్క కాగితం మీద చేతితో వేసి చూడకుండా ఏ షీటునూ నమ్మలేదు.

నోటితో అడిగేటప్పుడు కూడా ఆ రెండు వాక్యాల దగ్గర తడబాటు వస్తుంది. వరుసగా బాధలకు తల ఊపుతూ వచ్చిన మనిషి "శక్తి ఉంది" అన్నదానికీ అదే ఊపులో తల ఊపేస్తాడు. అక్కడ ఒక క్షణం ఆగి, గుక్కెడు నీళ్ళు ఇచ్చి అడగాలి. ఐదు మెట్లలో రెండోదీ మూడోదీ తెలుగులో దాదాపు ఒకేలా వినబడతాయి. "కొంచెం" ఎక్కడ ఆగి "ఓ మాదిరిగా" ఎక్కడ మొదలవుతుందో అడిగేవారికే స్పష్టంగా ఉండదు. ఆంగ్ల మూలంలో అలసటను రెండు వేర్వేరు మాటలతో రెండు వాక్యాల్లో అడిగారు. తెలుగులో నోటితో అడిగేవారు రెంటికీ ఒకే మాట వాడితే "ఇప్పుడే చెప్పిన గదా" అన్న విసుగు తప్పదు. అందుకే హక్కుదారుల నుంచి అనుమతి తీసుకుని వారిచ్చిన అనువాదాన్నే ఉన్నదున్నట్టు చదవాలి, సొంత అనువాదం అప్పటికప్పుడు అల్లకూడదు.

యూరప్ సంస్థ ఈఓఆర్‌టీసీ 1993లో వెలువరించిన క్యూఎల్‌క్యూ-సీ30 మొత్తం జీవన నాణ్యతను కొలిచేది; ముప్పై ప్రశ్నల్లో మూడే నిస్సత్తువవి: విశ్రాంతి అవసరమైందా, బలహీనంగా అనిపించిందా, అలసిపోయారా. నాలుగు మెట్లు, గత వారం. మూడింటి సగటు నుంచి 1 తీసి, 3తో భాగించి, 100తో గుణిస్తారు. ఇక్కడ ఎక్కువ వస్తే బాధ ఎక్కువ, అంటే ఫ్యాసిట్‌కు తలకిందులు. రెండూ వాడే అధ్యయనంలో ఈ ఒక్క విషయం గోడ మీద రాసి పెట్టుకోవాలి. 2, 3, 2 అని చెప్పిన రోగికి 44 వస్తుంది. ఈ కొలతలో 39 దాటితే వైద్యుడు పట్టించుకోవలసిన స్థాయిగా పరిశోధకులు సూచించారు, కాబట్టి ఆ రోగిని అలా పంపేయకూడదు. దీని అధికారిక తెలుగు అనువాదం ఉంది, విద్యాసంబంధమైన పనికి నమోదు చేసుకుని ఉచితంగా తీసుకోవచ్చు. కానీ మూడు ప్రశ్నలతో వచ్చే ఫలితం పెద్ద పెద్ద అంగలు వేస్తుంది; 33 తర్వాత 44, ఆ తర్వాత 56. చిన్న మార్పు దానిలో ఇమడదు.

నా సలహా అడిగితే ఇలా చెబుతాను. నిమ్స్, ఎంఎన్‌జే వంటి ఆసుపత్రుల్లో థీసిస్ చేస్తున్న పీజీ విద్యార్థికి నిస్సత్తువే ప్రధాన విషయమైతే ఫ్యాసిట్ తీసుకోవాలి. జీవన నాణ్యత ప్రధానమై నిస్సత్తువ అందులో ఒక పాయ మాత్రమే అయితే సీ30 చాలు, దానికి ఇంకొకటి జోడించి రోగిని విసిగించనక్కరలేదు. శరీరం, మనసు, ఆలోచన మూడింటినీ విడివిడిగా చూడాలనుకుంటే అదే సంస్థ తర్వాత తెచ్చిన పన్నెండు ప్రశ్నల ఎఫ్ఏ12ను సీ30తో కలిపి వాడవచ్చు. నెదర్లాండ్స్‌లో 1995లో వచ్చిన ఇరవై ప్రశ్నల ఎంఎఫ్ఐ, ఇరవై రెండు ప్రశ్నల సవరించిన పైపర్ స్కేలు లోతైనవే, కానీ సెలైన్ ఎక్కుతున్న మనిషిని ఇరవై ప్రశ్నలు అడిగితే చివరి ఐదూ అడిగినవారి తృప్తికే మిగులుతాయి. చికిత్స ముగిసి ఏడాది దాటినవారికైతే అవి బాగానే సరిపోతాయి.

కొలతలా కనిపించేవి

డాక్టరు రాసే గ్రేడును రోగి చెప్పిన అంకెతో కలపకూడదు. దుష్ప్రభావాల పట్టికలో నిస్సత్తువకు మూడే గ్రేడులు ఉన్నాయి: విశ్రాంతితో తగ్గితే ఒకటి, తగ్గక వంట, బజారు, డబ్బు లెక్కల వంటి పనులకు అడ్డమైతే రెండు, స్నానం, బట్టలు, తిండి వంటి సొంత పనులకే అడ్డమైతే మూడు. మందు మోతాదు తగ్గించాలా అన్న నిర్ణయానికి అది అవసరం, కానీ అది బయటినుంచి చూసి వేసిన అంచనా. రోగి చురుకుదనానికి డాక్టరు వేసే ఈకాగ్ స్కోరు మనిషి ఎంత తిరుగుతున్నాడో చెబుతుంది, ఎంత ఓర్చుకుని తిరుగుతున్నాడో చెప్పదు. చేతి గడియారాలు లెక్కించే అడుగులూ అంతే. మూడో అంతస్తులో లిఫ్టు లేని ఇంట్లో ఉండేవాడి అడుగులు తగ్గడానికి మెట్లే కారణం కావచ్చు. కుంగుబాటును చూసే పీహెచ్‌క్యూ-9లో ఓపిక లేకపోవడం గురించి ఒక ప్రశ్న ఉండటం వల్ల, నిస్సత్తువ ఉన్న ప్రతి రోగికీ అందులో కొన్ని మార్కులు ముందే పడిపోతాయి. దిగులుకు, ఆసక్తి పోవడానికి చెందిన ప్రశ్నలను విడిగా చూడాలి.

ఎప్పుడు అడగాలి, ఎవరిని అడగాలి

ప్రశ్నావళి ఎంపిక కంటే దీని మీదే నాకు పట్టుదల ఎక్కువ. మూడు వారాలకొకసారి కీమో తీసుకునేవారు మనకు కనబడేది తర్వాతి కీమో రోజున, అంటే ఉన్నంతలో కోలుకున్న రోజున. చాలామందిలో నిస్సత్తువ గట్టిగా పట్టేది కీమో తర్వాతి తొలి రోజుల్లో, అప్పుడు వారు ఊళ్ళో మంచం మీద ఉంటారు. ఓపీలో అడిగిన 3ను చూసి బాగుందనుకుంటాం. మూడో రోజునో ఐదో రోజునో ఒక్క ఫోను చేసి అడిగిన అంకె, ఓపీలో నింపిన పదమూడు ప్రశ్నలకంటే నిజం చెబుతుంది. రేడియేషన్‌లో వరుస వేరు. అది వారం వారం పేరుకుంటూ చివరి రోజుల్లో ఎక్కువవుతుంది, కనుక మొదటి వారంలో ఒకసారి, చివరి వారంలో ఒకసారి, ముగిశాక కొన్ని వారాలకు మరొకసారి అడగాలి.

జవాబు రోగిదే కావాలి. ఇంట్లోవాళ్ళు సాధారణంగా రోగి చెప్పినదానికంటే ఎక్కువ అంకె వేస్తారు. రోగి మాత్రం, మందు ఆపేస్తారనో కొడుకు పని మానుకుని కూర్చుంటాడనో, తక్కువ చేసి చెబుతాడు. నేను ముందు రోగిని ఒంటరిగా అడిగి, ఆ తర్వాత "స్నానం ఎవరు చేయిస్తున్నారు?" అని ఇంట్లోవాళ్ళను విడిగా అడుగుతాను. రెండు జవాబులూ రెండు చోట్ల రాస్తాను, కలిపి సగటు తీయను. కీమో మీద ఉన్న మనిషి ఉన్నట్టుండి లేవలేకపోయి, దానితో 100.4 ఫారన్‌హీట్ లేదా ఆపైన జ్వరమో, ఊపిరి అందకపోవడమో, రక్తస్రావమో ఉంటే ప్రశ్నావళి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

ఇంట్లో చూసుకునేవారికి వీటిలో ఏ ప్రశ్నావళీ కొనవలసిన పని లేదు. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో కీమో అయిన తేదీ చుట్టూ సున్నా చుట్టి, రోజూ సాయంత్రం దీపాల వేళ "ఒంట్లో ఓపిక ఎట్లుంది, ఓపిక లేకపోవడం పదికి ఎంత ఇబ్బంది పెట్టింది?" అని ఒకే మాటతో, ఒకే మనిషి అడిగి, ఆ అంకెను ఆ తేదీ గడిలో పెన్నుతో రాయాలి. అంకె రానివారి గడిలో "పావలా", "అర్ధ" అని రాసినా సరే. ఆ రోజు స్నానం తనే చేస్తే ఒక చుక్క, ఎవరైనా చేయిస్తే రెండు చుక్కలు. తర్వాత ఓపీకి వచ్చేటప్పుడు ఆ నెల పేజీని ఫోనులో ఫొటో తీసుకుని రండి. మందుల చీటీ చూపించేముందు దాన్ని చూపించండి.